ఏ టైముకు ఆగింది అల్లుడా?

చి. అల్లుడికి, హనుమకొండ నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

గోదావరిఖనిల మీ ఆఫీసు సర్వర్ వారంల మూడుసార్లు తనంతట తానే ఆగిపోయిందని, సర్వీసాయన మదర్‌బోర్డు మార్చాలన్నడని మొన్న ఫోన్‌ల చెప్పినవ్. ఏ టైముకు ఆగిందని అడిగితే "గుర్తు లేదు మామా" అన్నవ్. ఫోన్‌ల తిట్టబుద్ధి కాలే, అందుకే రాస్తున్న.

మూత విప్పకముందు టైము పట్టుకో. ఎండపొద్దు రెండు మూడింటికి ఆగితే వేడి మీద అనుమానపడు. కరెంటు పోయి వచ్చినప్పుడైతే పవర్ సప్లై, యూపీఎస్. రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడైతే డిస్కులు. ఏ లెక్కా లేకుండ పడిపోతుంటే ర్యామ్ చూడు. ఇదే ఖాయమని కాదు, ఎక్కడ మొదలువెట్టాల్నో తెలుస్తది.

ఆ టైము సర్వరే రాసిపెట్టుకుంటది. దానికోసం లోపల వేరే ఒక చిన్న చిప్పు ఉంటది, డెల్‌ల ఐడ్రాక్, హెచ్‌పీల ఐఎల్‌ఓ అంటరు. మెషీన్ ఆఫ్‌ల ఉన్నా, కరెంటు అందుతుంటే చాలు, అది మేలుకొనే ఉంటది. లినక్స్ అయితే ఐపీఎంఐటూల్ అనే ప్రోగ్రాంతోని ఆ లాగ్, అంటే అది రాసుకున్న చిట్టా, చదువొచ్చు. కానీ ఆ గడియారం చాలాచోట్ల యూటీసీల, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైముల, ఉంటది. మన టైము కావాల్నంటే అయిదున్నర గంటలు కలపాలె.

ఇది నేను తిప్పలుపడి నేర్సుకున్న. నర్సంపేట దిక్కు ఒక రైస్ మిల్లు సర్వర్. 2018కి ముందు సంగతి, అప్పుడు బాయికాడి మోటార్లకు కరెంటు విడతలుగ వచ్చేది. రోజూ రాత్రి 12:30కు పడిపోతున్నట్టు లాగ్‌ల ఉన్నది. దుప్పటి కప్పుకొని దాని పక్కన కూసున్న. ఏం కాలే, నాలుగింటికి ఇంటికి పోయిన. రెండో రాత్రి గూడ ఏం కాలే. తెల్లారి ఆరింటికి చాయ్ గ్లాసు పట్టుకున్ననో లేదో, ఠక్కున ఆగింది! లాగ్‌ల 12:30 అంటే మనకు ఆరు. ఊరి మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకునే టైమది. వోల్టేజి జారుతున్నది, యూపీఎస్ బ్యాటరీ ఎన్నడో సచ్చింది. అంతకు ముందే ర్యామ్ మార్పించి సేటుతోని పైసలు పెట్టించిన. ఇప్పటికీ సిగ్గయితది.

మీ దగ్గర ఎండకు తోడు బొగ్గు దుమ్ము. వేడిని గుంజే హీట్‌సింక్ రెక్కల నడుమ పేరుకొని గాలి ఆడనియ్యది. తేమ తగిలితే కరెంటుకు దారి గూడ ఇస్తది. సాఫ్ చేసేటప్పుడు పవర్ వైర్లు రెండూ పీకు, ఒకటి పీకి ఊకునేటోళ్లను మస్తు మందిని చూసిన. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతోని ఆపు, గిర్రున తిరిగితే బేరింగు పాడయితది.

ర్యామ్ అయితే, ఈసీసీ రకం ఒక బిట్టు తప్పును తానే దిద్దుకొని లాగ్‌ల రాస్తది. దిద్దిన తప్పులు ఒకే స్లాటు పేరుతోని పెరుగుతుంటే ఆ స్టిక్‌ను ఇంకో స్లాటుల పెట్టు. తప్పు స్టిక్ ఎంబడి పోతే స్టిక్‌దే. పాత స్లాటులనే ఉంటే బోర్డుదో, ప్రాసెసర్ సాకెట్ల వంగిన పిన్నుదో. ఒకసారి ఒకటే మార్చు, నోట్‌బుక్కుల రాసుకో. రెండు ఒక్కపాలే మారిస్తే ఏది దొంగనో తెల్వది.

డిస్కుల కాడ నాకు భయం. ముందు బ్యాకప్ తియ్యి, వేరే మెషీన్‌ల తెరిచి చూడు. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే స్మార్ట్ లెక్కల్ల 5, 197 నంబర్లవి పెరిగితే డిస్కు పోతున్నట్టు. 199 నంబరుది పెరిగితే ముందు కేబుల్ మార్చు. రెయిడ్ 5 అంటే కొన్ని డిస్కులు జతకట్టి, ఒకటి పోయినా డేటా నిలిచేటట్టు పెట్టుడు. దాంట్ల ఒకటి పోయినప్పుడు హడావుడిల బాగున్నదాన్ని గుంజితివా, మొత్తం డేటా గోవిందా. సీరియల్ నంబరు రెండుసార్లు చదివి, ఆ డిస్కు లైటు మిణుకుమనిపించి చూసినంకనే చెయ్యి పెట్టు.

బోర్డు ఆర్డర్ ఇప్పుడే ఇయ్యకు. లాగ్ ఫోటో కాదు, మొత్తం ఫైల్ పంపు. అంతకంటే ముందు సర్వర్ ఎనుకకు పోయి చూడు: రెండు పవర్ సప్లైల వైర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టిన్రా? చూసినంక ఫోన్ చెయ్యి.

మీ మామ