పాత కంప్యూటర్‌కు జాయ్‌స్టిక్ కిట్ తయారుచేసి అమ్మితే కేసు పడుతుందా?

ప్రశ్న: నేను తూర్పు గోదావరి జిల్లాలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌ని. చిన్నప్పుడు, బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద మా స్కూలుకు బీబీసీ మైక్రో కంప్యూటర్ వచ్చింది. అప్పటి నుంచీ పాత కంప్యూటర్లంటే ప్రాణం. లండన్‌లో ఉండే మా బావమరిది జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె అనే 1980ల నాటి బ్రిటిష్ ఇంటి కంప్యూటర్ తెచ్చిచ్చాడు. దాని వెనక తగిలించే జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ ఒకటి ఇంట్లోనే తయారుచేశాను. కెంప్‌స్టన్ అనే అప్పటి జాయ్‌స్టిక్ పద్ధతిలో 31వ పోర్టు (కంప్యూటర్ బయటి పరికరాన్ని చదివే చిరునామా) మీద పనిచేస్తుంది. తొమ్మిది పిన్నుల పాత జాయ్‌స్టిక్, ఇప్పటి యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ రెండూ పెట్టుకోవచ్చు. పీసీబీ (సర్క్యూట్ బోర్డు) డిజైన్ మాత్రం మొదటి నుంచీ నాది కాదు. ఇంగ్లండ్‌లో ఒకాయన ఉచితంగా ఇచ్చిన ఫైళ్లు తీసుకుని మార్పులు చేశాను. దాని మీద వ్యాపారానికి వాడకూడదన్న క్రియేటివ్ కామన్స్ 4.0 లైసెన్సు ఉంది. మైక్రోకంట్రోలర్‌లోని ప్రోగ్రామ్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద దొరికినది. బోర్డు, విడిభాగాలు, సోల్డరింగ్ ఎలా చేసుకోవాలో చెప్పే పుస్తకం కలిపి కిట్‌గా దేశంలోనూ బయటా అమ్మాలని ఉంది. కొందరు మిత్రులకు ఖర్చు మాత్రం తీసుకుని ఇప్పటికే ఇచ్చాను. అసలు కంపెనీవాళ్లు కేసు వేస్తారా? పెట్టె మీద స్పెక్ట్రమ్ పేరు వేయవచ్చా? మెమరీ కార్డులో కొన్ని పాత ఆటలు పెట్టి ఇవ్వవచ్చా? నా కిట్ వల్ల ఎవరి కంప్యూటరైనా కాలిపోతే బాధ్యత ఎవరిది?

జవాబు: మాస్టారూ, మీరు భయపడుతున్నది పాత కంపెనీ గురించి. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఆ ఇంగ్లండ్ ఆయన ఇచ్చిన లైసెన్సు గురించి. ముందు మీ భయం తీర్చి, తర్వాత అక్కడికి వస్తాను.

స్పెక్ట్రమ్ 1982లో వచ్చింది. సింక్లెయిర్ కంపెనీ కంప్యూటర్ వ్యాపారాన్ని 1986లో ఆమ్‌స్ట్రాడ్ 50 లక్షల పౌండ్లకు కొన్నది. ఆ ఆమ్‌స్ట్రాడ్‌ను 2007లో బ్రిటిష్ స్కై బ్రాడ్‌కాస్టింగ్ కొన్నది. కాబట్టి హక్కులకు యజమాని లేకుండా పోలేదు. అయితే ఏ హక్కు మిగిలింది, ఏది చెల్లిపోయింది అన్నది విడివిడిగా చూడాలి. పేటెంటు ఏదైనా ఉండి ఉంటే దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. మన పేటెంట్ల చట్టం ప్రకారం దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే ఆయుష్షు, 1980ల నాటిది ఏదీ ఈరోజు బతికి ఉండదు. చిప్ లేఅవుట్ డిజైన్ల రక్షణకు 2000లో వచ్చిన చట్టమూ 10 ఏళ్లకు మించి ఇవ్వదు, పైగా అది చిప్పులకే గానీ పీసీబీలకు కాదు.

ఇక 31వ పోర్టు సంగతి. కుడి, ఎడమ, కింద, పైన, ఫైర్ అన్న ఐదు సంకేతాలను 0 నుంచి 4 వరకు ఐదు బిట్లలో పెట్టడం అన్నది ఒక పద్ధతి. ఆలోచనకు కాపీరైటు లేదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది, ఇప్పటికీ అదే ప్రామాణికం. అదీగాక, ఒక ప్రోగ్రామ్‌తో మరో ప్రోగ్రామ్ కలిసి పనిచేయడానికి తప్పనిసరైన సమాచారం రాబట్టుకోవడాన్ని కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏబీ) అనుమతిస్తుంది. ఆ సమాచారం మరోచోట తేలిగ్గా దొరకనిదై ఉండాలన్నది ఒక షరతు. మీ విషయంలో అంత దూరం వెళ్లే పనే లేదు, బేసిక్‌లో 31వ పోర్టు చదివి అచ్చువేస్తే ఎవరికైనా కనిపించే విషయమది. ఈ భాగంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఆటల విషయంలో మాత్రం నా సమాధానం సూటిగా ఉంటుంది: పెట్టకండి. మార్కెట్లో దొరకడం లేదు కాబట్టి, కంపెనీ మూతపడింది కాబట్టి ఆట అందరిదీ అయిపోయిందనుకుంటారు చాలామంది. చట్టంలో అలాంటి మాటే లేదు. కంప్యూటర్ ప్రోగ్రామ్ మన చట్టంలో సాహిత్య రచన కిందికి వస్తుంది, రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1984లో పాతికేళ్ల కుర్రాడు రాసిన ఆట అంటే ఆయన ఇవాళ అరవైల్లో, బహుశా నిక్షేపంగా ఉన్నాడు. స్పెక్ట్రమ్ రోమ్‌ను (కంప్యూటర్ లోపల శాశ్వతంగా ఉండే ప్రోగ్రామ్) ఎమ్యులేటర్లతో, అంటే ఇప్పటి కంప్యూటర్‌ను పాతదానిలా నడిపించే ప్రోగ్రామ్‌లతో పాటు ఇచ్చుకోవడానికి ఆమ్‌స్ట్రాడ్ గతంలో అనుమతించిన మాట నిజమే. కానీ అది తన రోమ్ వరకే, ఇతరుల ఆటలకు వర్తించదు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. ఆట పరీక్షించి చూపించాలనుకుంటే, రచయితలు స్వయంగా ఉచితంగా పంచుకోమని రాసి ఇచ్చినవి వాడండి, ఆ అనుమతి కాపీ దాచుకోండి.

పెట్టె మీద పేరు వేయవచ్చు, కానీ ఎలా వేస్తారన్నదే అసలు ప్రశ్న. ట్రేడ్‌మార్కుల చట్టం 1999లో సెక్షన్ 30(2)(డి) మీకోసమే రాసినట్టు ఉంటుంది. ఒక వస్తువుకు అమరే విడిభాగాన్నో అనుబంధ పరికరాన్నో అమ్మేవాడు, అది దేనికి అమరుతుందో చెప్పడానికి సహేతుకంగా అవసరమైతే, ఇతరుల మార్కును ప్రస్తావించవచ్చు. ఇద్దరికీ వ్యాపార సంబంధం ఉందనిపించకూడదు, అంతే. దీని హద్దు ఎక్కడో తెలియాలంటే హాకిన్స్ కుక్కర్ల కేసు చూడాలి. ఒక తయారీదారు తన ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ల ప్యాకెట్ మీద అవి హాకిన్స్ కుక్కర్లకు పనికొస్తాయని వేశాడు. వేయడంలో ఆ ఒక్క పేరూ ఎరుపు రంగులో కొట్టొచ్చినట్టు వేశాడు. 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ దాన్ని తప్పుపట్టింది. ఆ గాస్కెట్లు వేరే కంపెనీల కుక్కర్లకూ సరిపోతాయి, అలాంటప్పుడు హాకిన్స్ పేరొక్కటే వాడాల్సిన అవసరం లేదన్నది తీర్పులోని కీలకం. మీ బోర్డు మాత్రం స్పెక్ట్రమ్ వెనకనున్న ఎడ్జ్ కనెక్టర్‌కు (బోర్డు అంచున ఉండే కనెక్టర్) తప్ప మరో కంప్యూటర్‌కు అమరదు. ఆ పేరు చెప్పకుండా ఏం అమ్ముతున్నారో చెప్పలేరు. కాబట్టి మీ కిట్‌కు సొంత పేరు ఒకటి పెట్టండి, అదే పెద్దగా వేయండి. దాని కింద మామూలు అక్షరాల్లో, మిగతా మాటల రంగులోనే, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె తో పనిచేస్తుందని రాయండి. స్పెక్ట్రమ్ మీద ఉండే రంగుల చారల గుర్తు జోలికి పోవద్దు. హక్కుదారులతో మీకు సంబంధం లేదన్న వాక్యం కూడా చేర్చండి. కెంప్‌స్టన్ అన్న మాటకూ ఇదే జాగ్రత్త.

ఇప్పుడు అసలు విషయం. మీరు రెండు లైసెన్సులను ఒకే గాటన కట్టినట్టున్నారు, అవి రెండూ వేరు. జీపీఎల్ ప్రోగ్రామ్‌ను అమ్ముకోవద్దని ఎక్కడా అనదు. డబ్బు తీసుకోండి, కానీ కొన్నవారికి సోర్స్ కోడ్ అందేలా చూడండి, మీరు చేసిన మార్పులతో సహా, అదే జీపీఎల్ కింద. లైసెన్సు ప్రతి కిట్‌తో పాటు ఉండాలి. మీ పుస్తకంలో ఒక పేజీ దానికి కేటాయిస్తే సరిపోతుంది. వ్యాపారానికి వాడకూడదన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు దీనికి పూర్తి భిన్నం. పేరు చెప్పి కృతజ్ఞతలు రాసినా, మార్పులు ఎన్ని చేసినా, అమ్మకం దాని పరిధిలోకి రాదు.

మీరు చదువుకున్నవారు కాబట్టి ఒక వాదన మీ చెవిన పడే ఉంటుంది. సెక్షన్ 52(1)(డబ్ల్యు) ప్రకారం, సాంకేతిక చిత్రం లాంటి రెండు పరిమాణాల కళాకృతి నుంచి, ఉపయోగకరమైన పరికరంలోని కేవలం పనికి సంబంధించిన భాగాన్ని పారిశ్రామికంగా మూడు పరిమాణాల్లో తయారుచేయడం ఉల్లంఘన కాదు. సర్క్యూట్ చిత్రం చూసి బోర్డు చేశాను, అది పూర్తిగా పనికి సంబంధించినదే, ఇక లైసెన్సుతో పనేమిటి అన్నది ఆ వాదన. కోర్టులో నిలబడే అవకాశం దానికి లేకపోలేదు. కానీ మీరు చేసింది చిత్రం చూసి బోర్డు తయారుచేయడం కాదు. ఆయన ఫైళ్లనే కాపీ చేసి, మార్చి, బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీకి పంపారు. ఆ ఫైల్ కాపీ, బోర్డు మీద తెల్ల సిరాతో అచ్చయిన బొమ్మలు, ఆయన రాసిన సూచనలు, ఇవేవీ ఆ సెక్షన్ నీడలోకి రావు. ఇంగ్లండుకు అమ్మితే మన సెక్షన్ 52 అక్కడ పనిచేయదు. నమోదు చేయని డిజైన్లకు కూడా బ్రిటన్‌లో 10, 15 ఏళ్ల రక్షణ ఉంది.

చట్టంలో ఏదో సందు ఉందని దాంట్లోంచి దూరమని మీకు సలహా ఇవ్వను. ఈ పాత కంప్యూటర్లు ఇవాళ బతికి ఉన్నాయంటే రాత్రుళ్లు కూర్చుని బోర్డులు గీసి ఉచితంగా ఇచ్చే ఇలాంటి మనుషుల వల్లే. తన శ్రమ మీద ఇంకొకరు వ్యాపారం చేయకూడదని ఆయన రాసుకున్నాడు. ఆ మాటకు విలువ ఇవ్వాలి. రెండు మర్యాదైన దారులున్నాయి. ఒకటి, ఆయన్నే అడగడం. రెండు, పోర్టు తీరు మీకు క్షుణ్ణంగా తెలుసు కాబట్టి ఆయన ఫైళ్లు పక్కనపెట్టి, ఖాళీ పేజీ మీద సొంతంగా సర్క్యూట్, లేఅవుట్ గీసుకోవడం. రెండోది చేస్తే తేదీలతో సహా చిత్తు ప్రతులన్నీ దాచండి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే అవే మీ సాక్ష్యం.

కంప్యూటర్ కాలిపోతే ఏమిటన్న ప్రశ్న మీ అంతట మీరే అడిగినందుకు సంతోషం, చాలామంది కాలిపోయాకే అడుగుతారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఉత్పత్తి వల్ల కలిగిన హానికి తయారీదారు బాధ్యత మీద ప్రత్యేక అధ్యాయమే ఉంది. అమ్మిన వస్తువు తప్ప ఇతర ఆస్తికి జరిగిన నష్టం కూడా హాని కిందికే వస్తుంది. అంటే మీ బోర్డు పాడైతే ఒక లెక్క, దానివల్ల కొన్నాయన స్పెక్ట్రమ్ పోతే అది వేరే లెక్క. డిజైన్ లోపం, తయారీ లోపం మాత్రమే కాదు, సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా సెక్షన్ 84 కింద బాధ్యత తెస్తుంది. ఎవరి ఇష్టం మీద వారు వాడుకోవాలి, మాకు పూచీ లేదు అని పుస్తకం చివర ఒక వాక్యం వేసి చేతులు దులుపుకుంటే చెల్లదు. కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, పుణేలో కొంటే పుణేలో మీరు హాజరు కావాలి.

స్పెక్ట్రమ్ విషయంలో ఇది ఊహకు సంబంధించిన భయం కాదని మీకే బాగా తెలుసు. వెనక కనెక్టర్ మీద ప్రాసెసర్ సంకేతాలు ఏ అడ్డూ లేకుండా నేరుగా బయటికి వస్తాయి. పక్కనే 9 వోల్టుల లైను, 5 వోల్టుల లైను. అయిదో స్థానంలో గాడిలో కూర్చునే అడ్డుపుల్ల లేని కనెక్టర్‌ను ఒక్క గడి పక్కకు పెట్టినా, కరెంటు ఉండగా పెట్టినా పీకినా చిప్పులు పోతాయి. అందుకని అడ్డుపుల్ల ఉన్న కనెక్టర్‌నే కిట్‌లో ఇవ్వండి. కరెంటు ఆపాకే తగిలించమన్న హెచ్చరిక పుస్తకంలోనే కాదు, బోర్డు మీదే, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ముద్రించండి. సోల్డరింగ్ పూర్తయ్యాక కంప్యూటర్‌కు పెట్టే ముందు మల్టీమీటర్‌తో 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య షార్ట్ ఉందేమో చూడమని ఒక దశగా చేర్చండి. కొన్నవారు వస్తువును మార్చి, దుర్వినియోగం చేసి నష్టపోతే సెక్షన్ 87 మీకు రక్షణ ఇస్తుంది. కానీ చెప్పిన పద్ధతి స్పష్టంగా ఉంటేనే, దాన్ని వాళ్లు తప్పారని మీరు చూపగలరు. ప్రతి విడత నుంచి ఒక బోర్డును మీరే అమర్చి, పరీక్షించి, ఫొటోలతో పెట్టుకోండి.

పన్నుల సంగతి త్వరగా చెబుతాను. మీ టర్నోవర్ ఎంత తక్కువైనా, సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఎగుమతి కూడా ఆ కోవలోకే వస్తుంది. విదేశాలకు పంపాలంటే ఐఈసీ అనే ఎగుమతి, దిగుమతుల కోడ్ తీసుకోవాలి, రుసుము 500 రూపాయలే. యూరోపియన్ యూనియన్ వినియోగదారులకు నేరుగా అమ్మాలంటే 2024 డిసెంబరు 13 నుంచి అక్కడ బాధ్యత వహించే ఒక ప్రతినిధి ఉండాలి. మొదట్లో ఆ దేశాలను వదిలేయడమే మేలు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. మీరు ప్రభుత్వ ఉద్యోగి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964 ప్రకారం ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. కాపీరైటు కేసు రాకపోయినా, ఒక ఆకాశరామన్న ఉత్తరంతో శాఖాపరమైన విచారణ రావచ్చు. మీ ఆవిడ పేరిట పెడదామనుకుంటే, ఆ సంగతి కూడా దాచకుండా శాఖకు రాసి ఇవ్వండి. ఇంట్లో చేశానని రాశారు, మంచిది. కళాశాల ల్యాబు, కళాశాల పరికరాలు దీనికి వాడలేదని తేలేలా బిల్లులన్నీ భద్రపరచండి.

చివరగా, మిత్రులకు ఖర్చుకే ఇచ్చిన బోర్డులు. డబ్బు ప్రతిఫలం ప్రధాన ఉద్దేశం కాకూడదన్నది ఆ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వాడిన ప్రమాణం. ఖర్చు మాత్రం తీసుకోవడం వివాదానికి తావున్న చోటు, పెద్ద నేరం కాదు. క్రియేటివ్ కామన్స్ 4.0లో ఒక మంచి నిబంధన ఉంది: ఉల్లంఘన మీ దృష్టికి వచ్చిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే మీ హక్కులు తిరిగి అమల్లోకి వస్తాయి. కాబట్టి ఇప్పుడే ఇవ్వడం ఆపి, డిజైన్ చేసినాయనకు ఈమెయిల్ రాయండి. ఎన్ని ఇచ్చారో, ఎంత తీసుకున్నారో దాచకుండా చెప్పండి. అమ్మకానికి అనుమతి అడగండి, కిట్‌కు ఇంత అని రాయల్టీ ఇస్తానని మీరే ప్రతిపాదించండి. మన చట్టంలో లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమని సెక్షన్ 19, 30ఏ చెబుతాయి. అందుకే ఎన్నేళ్లకు, ఏయే దేశాల్లో, మార్పులు చేసిన డిజైన్‌కు కూడా వర్తిస్తుందా అన్న మూడూ ఆయన జవాబులో స్పష్టంగా ఉండేలా అడగండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ ఫైళ్లతో ఇక బోర్డులు చేయించవద్దు, సొంత లేఅవుట్ మొదలుపెట్టండి.