ప్రశ్న ఎవర్ని నమ్మమంటోందో చూడు

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

నీ బ్యాంకు పరీక్ష మాక్ టెస్టు రీజనింగ్ కాగితాలు మీ నాన్న బరంపురం నుంచి తెచ్చిచ్చాడు. రాత్రి కూర్చుని అన్నీ చూశాను. పజిల్స్, ఎవరెక్కడ కూర్చున్నారో తేల్చే సీటింగ్ బాగా చేశావు. మార్కులు పోయిందల్లా అజంప్షన్ (వాదన వెనక దాగిన మాట), ఇన్ఫరెన్స్ (పేరా నుంచి తేలే మాట), స్ట్రెంథెన్ (వాదనకి బలమిచ్చే మాట) దగ్గరే.

ఎందుకో నీ రాతలోనే దొరికింది. అజంప్షన్ పక్కనా, ఇన్ఫరెన్స్ పక్కనా కూడా 'అనుమానం' అని రాసుకున్నావు. బళ్లో చదివిన ఒడియాలో ఆ మాటకి అంచనా అని అర్థం, ఇంట్లో మన తెలుగులో సందేహం. రెండు వేరువేరు ప్రశ్నలు ఆ ఒక్క మాటలో కలిసిపోయాయమ్మా. ముందు దాన్ని కొట్టెయ్.

పేరా కంటే ముందు ప్రశ్న చదువు. అది ఎవర్ని నమ్మమంటోంది? 'ఇన్ఫర్' అని ఉంటే పేరాని నమ్మాలి, ఆప్షన్లని నిలదీయాలి. 'ఇఫ్ ట్రూ' అని ఉంటే ఆప్షన్‌ని నమ్మేసి, దానివల్ల వాదనకి బలం వచ్చిందా, దెబ్బ తగిలిందా చూడాలి. అజంప్షన్ అంటే వాదించేవాడు పైకి చెప్పకుండా ఆనుకున్న మాట.

ఇది చూడు: 'పాతపట్నంలో కూరగాయలు చవక, కాబట్టి పర్లాకిమిడి వాళ్లు అక్కడ కొంటే ఇంటిఖర్చు తగ్గుతుంది.'

'రానూపోనూ ఆటో ఛార్జీ ఆ మిగులుని మింగెయ్యదు' అన్న ఆప్షన్‌ని తిరగేసి చదువు. మింగేస్తుందంటే వాదనే కూలిపోయింది కదా, అదే అజంప్షన్. 'అలా కొంటున్న ఇళ్లలో ఖర్చు తగ్గింది' అన్నది బలమిస్తుంది, నిజమే. కానీ ఇంతవరకూ ఎవరూ అలా కొనకపోయినా వాదన పడిపోదు. అందుకే అది స్ట్రెంథెన్‌కి పనికొస్తుంది, అజంప్షన్‌కి కాదు. ఇక 'అక్కడి కూరలు తాజాగా ఉంటాయి' అన్న మాట పేరాలో ఎక్కడుంది? ఇన్ఫరెన్స్ అడిగితే దాన్ని ముట్టుకోకు. నువ్వు మూడుచోట్ల ఇలాంటిదానికే టిక్కు పెట్టావు. మనకి తెలిసిన సంగతైతే చెయ్యి దానంతటదే అటు పోతుంది.

ఇచ్చిన వాక్యాల నుంచి ఏం తేలుతుందో అడిగే సిలాజిజంలోనూ ఇంతే. కొన్ని మామిడికాయలు పులుపంటే మిగతావి కావని మనం అనుకుంటాం. పరీక్షలో 'సమ్' అంటే కనీసం ఒకటి, అన్నీ కూడా కావచ్చు. 'ఓన్లీ ఎ ఫ్యూ' అన్నప్పుడు మాత్రం కొన్ని అవును, కొన్ని కావు.

తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోస్తారు. నేను రాసిన మొదటి బ్యాంకు పరీక్ష అలాగే పోయింది. రకం తేలని ప్రశ్న వదిలెయ్యి తల్లీ, భయపడకు.

శనివారం గుణుపూర్ బండెక్కి వచ్చెయ్. ఈ కాగితాలే మళ్లీ ముందేసుకుని, జవాబుల జోలికి పోకుండా, ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ రకమో మాత్రం రాద్దాం.

మీ పెదనాన్న