వేరు కుంపటి ఎందుకు పెట్టలేదో రాయి

అమ్మా,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. ఐసీయూ నర్సులు నర్సులందరి పెద్ద సంఘంలో ఉంటూనే తమకంటూ ఒక ప్రత్యేక విభాగం ఎలా సాధించుకున్నారో రాయాలనుకున్నావు. విషయం బాగుంది. కానీ మొదటి నాలుగు పేజీలూ ప్రారంభసభ వర్ణనే. ఎవరు అధ్యక్షత వహించారు, ఎవరు సందేశం పంపారు, ఎవరు వందన సమర్పణ చేశారు... ఆ సభకు వెళ్ళినవాళ్ళకు తప్ప ఇది ఎవరికి కావాలి? తీసెయ్. మరీ మనసొప్పకపోతే తర్వాతెక్కడో ఒక్క వాక్యంలో చెప్పు.

ఇలాంటి విభాగం కావాలన్న ఆలోచన డ్యూటీలో పుడుతుంది. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. 1960ల్లో అమెరికా ఆసుపత్రుల్లో గుండె జబ్బుల వాళ్ళకు విడిగా కరోనరీ కేర్ యూనిట్లు వచ్చాయి. గుండె లయ తప్పితే డాక్టరు వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. అందుకని మానిటర్ మీద ఈసీజీ చదవడం, అవసరమైతే షాక్ ఇవ్వడం నర్సుల చేతికొచ్చాయి. వాళ్ళు నర్సింగ్ స్కూల్లో చదివినదాంట్లో ఇదంతా లేదు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాల్సిందే, అందుకు ఒకచోట చేరాల్సిందే. అక్కడే 1969లో గుండె జబ్బుల నర్సుల సంఘంగా మొదలైనది కొన్నేళ్ళకే క్రిటికల్ కేర్ నర్సులందరినీ చేర్చుకుంది. నీ కథలోనూ అలాంటి గడియ ఒకటి ఉండే ఉంటుంది. ఏ యంత్రం వచ్చాక, ఏ రకం పేషెంట్లు పెరిగాక, మామూలు వార్డు శిక్షణ చాలడం లేదని వాళ్ళకు తెలిసొచ్చింది? నీ రాతప్రతిలో దాని ఊసే లేదు.

అమెరికాలోనే ఎమర్జెన్సీ నర్సుల కథ కూడా చూడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో అనీటా డోర్, కాలిఫోర్నియాలో జూడిత్ కెల్లహర్, దేశానికి రెండు కొసల్లో ఎవరికి వారు నర్సులను కూడగట్టారు. 1970లో ఆ రెండు గుంపులూ ఒకటయ్యాయి. ఆపదలో చేతికి అందాల్సిన మందులూ సామానూ ఒకేచోట ఉంచే బండి, ఇప్పుడు ప్రతి వార్డులో ఉండే క్రాష్ కార్ట్, దాని తొలి నమూనాల్లో ఒకటి డోర్ తయారుచేసిందే. ఆమె గురించి రాసేవాళ్ళకు ఆ బండి చాలు, బిరుదులక్కర్లేదు. నీ నాయకురాలిని ‘నిబద్ధతకు మారుపేరు’ అని రాశావు. ఆవిడ ఏం చేసిందో రాయి, చాలు.

ఇక అసలు సంగతి. నేను చెప్పిన రెండూ విడి సంఘాలు. నీ వాళ్ళు మాత్రం లోపలే ఉండిపోయారు. పాఠకుడికి మొట్టమొదట రావాల్సిన ప్రశ్న అదే: వేరు కుంపటి ఎందుకు పెట్టలేదు? నువ్వు ‘ఐక్యతా భావంతో’ అని దాటేశావు. అది జవాబు కాదమ్మా. లోపల ఉంటే రిజిస్ట్రేషన్, ఆడిట్, ఆఫీసు, సభ్యుల జాబితా అన్నీ సిద్ధంగా దొరుకుతాయి. ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే కొన్ని వందల మంది మాటగా కాక మొత్తం నర్సుల మాటగా వినిపిస్తుంది. బదులుగా వదులుకోవాల్సినవీ ఉన్నాయి. సొంతంగా ప్రకటన ఇవ్వాలన్నా, ఏ సంస్థతోనైనా ఒప్పందం చేసుకోవాలన్నా సాధారణంగా కార్యవర్గం అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చేసరికి ఒక్కోసారి సందర్భమే దాటిపోతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే నీ కథ.

ఇది కొత్త సంగతి కూడా కాదు. భారతదేశంలో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1908లో ఏర్పడింది. 1922లో ఇళ్ళకు వెళ్ళి ఆరోగ్య సలహాలిచ్చే హెల్త్ విజిటర్ల లీగ్, 1925లో మిడ్‌వైఫ్‌ల సంఘం, ఆ దశాబ్దం చివర్లో విద్యార్థి నర్సుల సంఘం దాని నీడలోనే వచ్చాయి. నీ వాళ్ళు కొత్త దారి తొక్కారని రాసేముందు ఈ పాత దారి గురించి కూడా చదువు.

డబ్బు గురించి రాయడానికి మొహమాటపడ్డావు. విభాగం సభ్యులు అదనంగా చందా కట్టారా, లేక పెద్ద సంఘం తన చందాలోంచి కొంత వాటా ఇచ్చిందా? వర్క్‌షాప్‌లో మిగిలిన డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్ళింది? బయటికి గౌరవం, గుర్తింపు అని వినబడే గొడవలు చాలావరకు ఈ ఖాతా దగ్గరే తెమలక ఆగుతాయి. నియమావళి సవరణ కూడా అంతే. ఎన్ని సంతకాలు అడిగారు, ఏ క్లాజు మార్చారు, ఏ మాట కొట్టేసి ఏ మాట పెట్టారు. చదివేవాళ్ళకు విసుగని భయపడకు. ఎవరికి ఏం దక్కిందో, ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలిస్తే క్లాజు కూడా ఆసక్తిగానే చదువుతారు.

వ్యతిరేకించినవాళ్ళను నువ్వు విలన్లను చేశావు. నాకు నచ్చనిది అదొక్కటే, కానీ గట్టిగా నచ్చలేదు. పెద్ద సంఘం కార్యదర్శికి ఒక న్యాయమైన భయం ఉంది. ఇవాళ ఐసీయూ వాళ్ళు, రేపు ఆపరేషన్ థియేటర్ వాళ్ళు, ఎల్లుండి డయాలిసిస్ వాళ్ళు విడిగా కూర్చుంటే, ఏ ప్రత్యేకతా లేకుండా జనరల్ వార్డులో రాత్రి డ్యూటీ చేసే నర్సు జీతం గురించి, పనిగంటల గురించి ఎవరు మాట్లాడతారు? ప్రత్యేక విభాగాలకు చదువు, ప్రమాణాలు, సర్టిఫికెట్లు ముఖ్యం. జీతాల బేరం మొత్తం సంఘం నెత్తినే పడుతుంది. ఈ వాదనను దాని పూర్తి బలంతో రాయి. అప్పుడే నీ వాళ్ళ గెలుపుకు విలువ.

మినిట్స్ పుస్తకాన్ని మరీ నమ్మకు. ‘చర్చ అనంతరం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని ఉంటుంది. ఆ చర్చలో ఎవరు లేచి వెళ్ళిపోయారో, ఎవరు చివరి నిమిషంలో మెత్తబడ్డారో పుస్తకంలో ఉండదు. ఓడిపోయినవాళ్ళను వెతికి పట్టుకుని మాట్లాడు. గెలిచినవాళ్ళు ప్రసంగంలా చెబుతారు, ఓడినవాళ్ళకు తేదీలతో సహా గుర్తుంటుంది. ఎవరైనా పేరు రాయొద్దంటే రాయకు. పేషెంట్ల సంగతులైతే ఆనవాలు పట్టేలా ఎక్కడా ఉండకూడదు. ఈ మాట నర్సువైన నీకు నేను చెప్పక్కర్లేదు.

భాష గురించి ఎక్కువ చెప్పను. హ్యాండోవర్, షిఫ్ట్, ఇన్‌ఛార్జ్ సిస్టర్ అని మీరు ఎలా అంటారో అలాగే రాయి.

ఇంకొకటి, విభాగం ఏర్పడడంతో పుస్తకం ఆపేశావు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో పెట్టినవాళ్ళు అలసిపోతారు, కన్వీనర్‌గా ఉండడానికి ఎవరూ ముందుకు రారు, సమావేశాలకు కోరం ఉండదు. రెండో కమిటీ ఎలా ఏర్పడిందో కనుక్కో. ఏర్పడకపోతే అదీ రాయి.

అన్నీ ఒకేసారి తిరగరాయకు. చందా తగాదా వచ్చే భాగం ఒక్కటి ముందు రాసి పంపు. నియమావళి పాత ప్రతి, సవరించిన ప్రతి రెండూ దొరికితే జెరాక్స్ తీసి దానికి జతచెయ్. పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో.