మొదటిసారి పాముని పెంచాలంటే ఏది తెచ్చుకోవాలి? మా ఇంట్లో ఉన్న పాము సంగతి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ కదా. చిన్నప్పట్నుంచి నాగులచవితికి అమ్మతో పుట్ట దగ్గరికి పోయి పోయి పాములంటే ఇష్టం పెరిగింది, ఇప్పుడు ఒకటి పెంచుకోవాలని ఉంది, పలమనేరు దగ్గర మీ మామిడితోటలో తిరిగే జెర్రిపోతుని పట్టి పెట్టుకోవచ్చా, లేదంటే ఎవరో తక్కువకి ఇస్తామంటున్న రెండు తలల పాము తీసుకోవాలా, అమ్మేమో నాగదోషం తగులుతుందని ఒప్పుకోవడం లేదు. ముందే చెప్పేస్తా, ఆ రెండూ వద్దు. పెంచాలనే ఉంటే కార్న్ స్నేక్ అని విషం లేని అమెరికా జాతి పాము ఉంది, అది తెచ్చుకో, అదీ బిల్లుతో, అదీ ఫ్రిజ్ గురించి అమ్మతో మాట్లాడుకున్నాక. ఫ్రిజ్ ఏందని నవ్వొద్దు, అసలు గొడవంతా అక్కడే ఉంది, కిందకి వస్తా.

నాకెట్లా తెలుసంటే, మా బామ్మర్ది బెంగళూరులో సాఫ్ట్‌వేర్, వాడి దగ్గర ఒక కార్న్ స్నేక్ ఉండేది. కంపెనీవాళ్ళు వాణ్ణి అమెరికా పంపిస్తే వాడు పాముని తెచ్చి తిరుపతిలో మా మేడమీద గదిలో పెట్టి పోయినాడు, అమెరికాలో పుట్టే జాతి పాము తిరుపతిలో, తిరుపతిలో పుట్టినోడు అమెరికాలో. వాళ్ళ తమ్ముడు కాబట్టి మా ఆవిడ నోరెత్తలేదు. ఎండాకాలమంతా, తర్వాత వానలు పడినన్నాళ్ళూ మా దగ్గరే ఉండింది, తిండి నీళ్ళు నేనే చూసుకున్నా.

ముందు చట్టం సంగతి, తొందరగా అయిపోతుంది. మన నేల మీద పుట్టిన ఏ పామునైనా సరే, జెర్రిపోతు కానీ నీరుకట్టె కానీ కొండచిలువ కానీ, పట్టుకుని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నీ తోటే కావచ్చు, పాము నీది కాదు. కొండచిలువ లాంటి మొదటి షెడ్యూల్ జంతువైతే, అంటే ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉండే జాబితాలోదైతే, 2022 సవరణ తర్వాత 3 ఏళ్ళకి తగ్గకుండా 7 ఏళ్ళ దాకా జైలు, జరిమానా 25,000కి తగ్గదు. ఇంక ఆ రెండు తలల పాముందే, దానికి ఉండేది ఒకటే తల, తోక మొద్దుగా ఉండి తలలాగా కనపడుతుంది అంతే. ఎవడైనా మీదికొస్తే అసలు తలని చుట్టల్లో దాచిపెట్టి తోకని ముందుకి చూపిస్తుంది. పాపం అదే దాని కొంప ముంచింది, ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయి, ఇన్ని కేజీలు తూగితే ఇన్ని లక్షలు అని మన వైపు ఎప్పట్నుంచో నడుస్తా ఉండే మోసం అది. నీకు తక్కువకి ఇస్తామన్నోడు రేపు నిన్నే ఇరికిస్తాడు, వాడి నంబర్ ఫోన్లోంచి తీసెయ్.

జెర్రిపోతు మీద నీకంత మోజెందుకో నాకు అర్థమైతుంది, మనం పెరిగిందే అట్లాంటి చోట. మనం ఎక్కే కొండే ఆదిశేషుడు. మా అవ్వ చెప్పేది, వాయుదేవుడికీ ఆదిశేషుడికీ ఎవరు గొప్ప అని పంతం వస్తే శేషుడు పోయి మేరు పర్వతం ముక్కని చుట్టుకున్నాడంట, వాయువు ఒక్క ఊపు ఊపితే కొండా పామూ కలిసి వచ్చి సువర్ణముఖి ఒడ్డున పడినాయంట, అదే శేషాచలం. పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. బ్రహ్మోత్సవాల్లో కూడా మొదట స్వామి ఎక్కేది పెద్దశేష వాహనమే, తెల్లారి చిన్నశేషం, ఏడు పడగలు ఒకదానికి, అయిదు పడగలు ఇంకోదానికి. ఇటు కాళహస్తికి పోతే శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. పాము రాత్రిపూట మణులు తెచ్చి లింగానికి పెట్టేది, ఏనుగు పొద్దున్నే వచ్చి అదంతా చెత్త అనుకుని తోసేసి నీళ్ళతో కడిగి పత్రి పెట్టేది, పాముకి కోపమొచ్చి తొండంలో దూరింది, ఏనుగు తల కొట్టుకుని రెండూ పోయినాయి, ఇద్దరికీ శివుడు మోక్షం ఇచ్చినాడు. నాకు ఆ కథలో ఎప్పుడూ ఏనుగు మీదే జాలి, అది అసలు ఏం తప్పు చేసిందని!

ఈ కథలన్నిట్లో పాముకి మన మాదిరి మనసుంటుంది. భక్తి ఉంటుంది, పంతం ఉంటుంది, పగ ఉంటుంది. భారతంలో కద్రువ కన్నబిడ్డల్నే శపిస్తుంది, గుర్రం తోకకి చుట్టుకుని నల్లగా కనపడమంటే మేం ఆ మోసం చెయ్యమన్నందుకు, ఆ శాపమే పోయి పోయి జనమేజయుడి సర్పయాగం దాకా వస్తుంది, ఆస్తీకుడు అడ్డం పడకపోతే తక్షకుడు కూడా మంటల్లో పడేవాడే. నువ్వు ప్రేమించిన పాము అది. గాజుతొట్టిలో ఉండే పాముకి వాటిల్లో ఒక్కటీ ఉండదు. ఆకలి, వెచ్చదనం, దాక్కునే చోటు, ఈ మూడే దాని లోకం. నిన్ను గుర్తుపట్టి దగ్గరికి రాదు, పేరు పెట్టి పిలిస్తే తిరగదు, దానికి బయటికి చెవులే లేవు, నేల అదురు ఎక్కువగా, గాల్లోంచి బరువైన మోతలు కొంచెంగా తెలుస్తాయి. పగ కూడా పట్టదు, అదొక్కటి లాభం. కుక్కపిల్ల మాదిరి ఊహించుకుని తెచ్చుకున్నోళ్ళు కొన్నాళ్ళకే అమ్మేస్తామని పోస్టులు పెడతారు, ఊరికే చూస్తూ కూర్చోవడమే ఇష్టమైనోళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి పెట్టుకుంటారు. నువ్వు ఏ రకమో ముందు అది తేల్చుకో.

చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. తిండి పెట్టే రోజు సంగతి చెప్తా. ఫ్రీజర్లో గట్టిపడిన ఎలుకని కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి, పొద్దున గోరువెచ్చని నీళ్ళలో కవర్‌తో సహా ముంచాలి, మైక్రోవేవ్ జోలికి పోవద్దు, పగిలి లోపలంతా ఖరాబవుతుంది. తర్వాత పొడుగాటి పటకారుతో తోక పట్టుకుని తొట్టిలో చూపించాలి. అప్పటిదాకా కొబ్బరిచిప్ప కింద కదలకుండా పడున్న పాము ముందు నాలుక బయటపెడుతుంది, ఆ నాలుక వేగం పెరుగుతుంది, మెడ ఎస్ ఆకారంలోకి వంగుతుంది, ఇంక కంటికి కనపడదు, టక్కున పట్టి మూడు చుట్లు చుట్టేస్తుంది. చచ్చిన ఎలుకే అయినా చుట్టి పిసికి, బాగా టైం తీసుకుని, మూతితో తడుముకుంటా తల ఎటుందో వెతుక్కుని తలవైపు నుంచే మింగుతుంది. గరుత్మంతుడు అమృతం తెచ్చి దర్భల మీద పెడితే ఇంద్రుడు ఎత్తుకుపోయినాడని, పాములు ఆ దర్భలు నాకితే నాలుక రెండుగా చీలిందని కథ. ఆ చీలికతోనే అది వాసన కుడిపక్కనుంచి వస్తోందా ఎడమపక్కనుంచా అని కనుక్కుంటుంది, రెండు కొసలతో గాల్లోని వాసన తెచ్చి అంగిట్లో ఉండే భాగానికి అందిస్తుంది. పటకారు అటు తిప్పితే నాలుక అటు, ఇటు తిప్పితే ఇటు, తిండి పెట్టినప్పుడల్లా నాకు అదే ఆట. తిన్నాక రెండు రోజులు చేత్తో ముట్టుకోవద్దు, కక్కేస్తుంది.

ఇప్పుడు ఫ్రిజ్. మా అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది, గుడ్డు వాసన కూడా పడదు. ఆ ఫ్రిజ్‌లో ఎలుకలుంటే అందులో పెట్టిన పాలతో కాఫీ తాగనని తెగేసి చెప్పింది, న్యాయమే కదా. మేడమీద పాత చిన్న ఫ్రిజ్ ఒకటి బాగుచేయించి దానికే వదిలేసినాం, కరెంటు బిల్లు బామ్మర్ది ఖాతాలో. ఎలుకలు బెంగళూరు నుంచి ఐసుడబ్బాలో వచ్చేవి. ప్రాణంతో ఉన్న ఎలుకని వేద్దామని మాత్రం అనుకోవద్దు, పాముకి ఆకలి లేకపోతే ఎలుకే పాముని కొరికి పెడుతుంది. ఇంటి బోనులో పడిన ఎలుక అసలే వద్దు, అది ఏ ఎలుకల మందు తిని వచ్చిందో ఎవరికి తెలుసు. పాలు, గుడ్డు, చికెన్ ముక్క, ఇవేవీ తిండి కాదు. చవితికి పుట్టలో పోసే పాలు కూడా పాము తాగేవి కావు, పాలు అరిగించుకునే ఒళ్ళు కాదు దానిది, ఎండబెట్టి దప్పిక చేసినప్పుడు గత్యంతరం లేక తాగుతుంది అంతే. అద్దె ఇల్లయితే ఓనరుకి చెప్పు, మా తిరుపతిలో అయితే నీసు వండితేనే ఖాళీ చెయ్యమనే ఓనర్లుంటారు, ఎలుకల ఫ్రిజ్ సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

కార్న్ స్నేకే ఎందుకంటే, విషం లేదు, పెద్దదైతే నాలుగైదు అడుగులు, కరిచినా ముల్లు గీసుకున్నంత, ఎప్పుడో ఒకసారి తప్ప తిండి మానదు. పిల్లగా ఉన్నప్పుడు వారానికో చిన్న ఎలుకపిల్ల, పెద్దయినాక రెండు వారాలకి ఒక ఎలుక. అందరూ చెప్పే బాల్ పైథాన్, అంటే ఆఫ్రికా చిన్న కొండచిలువ, అది కూడా మెత్తటిదే కానీ ఉన్నట్టుండి నెలల తరబడి తిండి మానేస్తుంది, కొత్తోడు భయపడి చస్తాడు, గాల్లో తేమ ఎక్కువ కావాలి, పైగా 20, 30 ఏళ్ళు బతుకుతుంది. నీకిప్పుడు 22 అన్నావు, పెళ్ళిచూపుల్లో కూడా దాని గురించి చెప్పాల్సొస్తుంది. కార్న్ స్నేక్ కూడా 15, 20 ఏళ్ళు ఉంటుందనుకో, అది కూడా లెక్కలో పెట్టుకో. కాగితాల విషయానికొస్తే బాల్ పైథాన్ సైటిస్ జాబితాలో, అంటే అడవి జంతువుల అమ్మకాల మీద దేశాలన్నీ చేసుకున్న ఒప్పందం జాబితాలో ఉంది కాబట్టి 2024 ఫిబ్రవరిలో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు, అయినా ఎవరి దగ్గర కొన్నావో బిల్లు, దాని ఫోటోలు పెట్టుకో, రేపు ఎవరైనా ఫారెస్టు వాళ్ళకి ఫోన్ కొడితే చూపించడానికి.

ఇంగ్లీషు వీడియోలన్నీ వేడి ఎట్లా ఇవ్వాలో చెప్తాయి, మనకి సమస్య చల్లగా పెట్టడం. తొట్టిలో ఒక పక్క 30 డిగ్రీలు, ఇంకో పక్క 25 అట్లా ఉండాలి, 35 దాటితే ప్రాణం మీదికొస్తుంది. తిరుపతిలో కత్తెర ఎండలకి బయట 42, 43, రేకుల గది అయితే ఇంక చెప్పొద్దు. మేము తొట్టిని కింద నేలమీద, గోడ పక్కన పెట్టి, మధ్యాన్నం గడ్డకట్టిన నీళ్ళ బాటిల్‌కి తడిగుడ్డ చుట్టి తొట్టి బయట ఒక పక్కకి ఆనించేవాళ్ళం, కరెంటు పోయినప్పుడు అదే దిక్కు. అది నీళ్ళగిన్నెలో పూర్తిగా చుట్టుకుని పడుకుందంటే చాలాసార్లు వేడి ఎక్కువైందని అర్థం. మీ పలమనేరు కొంచెం చల్లగా ఉంటుంది కాబట్టి నీకు నయం. తొట్టి మూతకి క్లిప్పులు ఉండాల్సిందే, వేలు పట్టే సందుంటే చాలు పోతుంది. కింద పరచడానికి కొబ్బరి పొట్టు, అది మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కో, సాల్మొనెల్లా అని ఒక బ్యాక్టీరియా పాముల ఒంటిమీద ఉంటుంది.

ఇంక దోషం. నేను పండితుణ్ణి కాదు, అమ్మతో వాదించొద్దని మాత్రం చెప్తా. మా అవ్వ మొదటిరోజు మెట్లెక్కి వచ్చి తొట్టి ముందు నిలబడి "ఇది నాగుబామేనా నాయనా" అనింది. కాదవ్వా, అమెరికా పాము అన్నాను. "అమెరికాలో గూడా పుట్టలుంటాయా?" ఉంటాయో లేదో నాకేం తెలుసు, మొక్కజొన్న కొట్టాల్లో ఎలుకలకోసం తిరుగుతుందంట అని చెప్పినా. "అయితే దీనికి పగ పట్టేంత తెలివి ఉండదులే" అని తేల్చేసింది. తర్వాత చవితికి పుట్టకి తీసుకుపోయిన చలిమిడి, చిమ్మిలి కొంచెం మిగిల్చి తెచ్చి తొట్టి అద్దానికి పసుపు రాసి ముందు పెట్టింది, పాము లోపల కుబుసం విడిచే టైంలో ఉండి కళ్ళు నీలంగా మబ్బు పట్టినాయి, దానికి ఏమీ కనపడలేదు, చలిమిడి మేమే తినేసినాం. మీ అమ్మని కూడా కాళహస్తి తీసుకుపోయి రాహుకేతు పూజ చేయించి తీసుకురా, ఆమెకి నెమ్మది, నీకు పర్మిషన్.

అంతకంటే ముందు ఒకసారి చెన్నై పోయి గిండీ స్నేక్ పార్క్ చూసిరా, పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటావు. అక్కడ గాజు ముందు అర్ధగంట నిలబడి, కదలని పాముని చూస్తా విసుగు రాకపోతే నువ్వు పెంచగలవు. తోటలో జెర్రిపోతుని అట్లే వదిలెయ్, ఎలుకల్ని అదే చూసుకుంటుంది. ఎవరైనా విషప్పాము కరిస్తే మాత్రం నాటుమందు, కట్లు కట్టడం ఏమీ చెయ్యకుండా, నడిపించకుండా, దగ్గర్లో ఉండే గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకుపోండి, తిరుపతి చుట్టుపక్కల అయితే రుయా.

కొనేది ఎండలు పోయినాక, జూలై తర్వాత పెట్టుకో. మరీ పిల్లది కాకుండా కొన్ని నెలలైనా గడిచి, ఫ్రీజర్ ఎలుక తినడం అలవాటైనది అడుగు. అమ్మేవాడు తింటుందన్నా అన్నాడని నమ్మొద్దు, నీ కళ్ళముందు తినిపించమను, కుదరదంటే తిన్న వీడియో డేట్‌తో సహా పంపమను, అప్పటిదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.