టాంకెక్కిన మనిషే టాంకులు పంపాడు

ప్రశ్న: 1991లో టాంకు ఎక్కి ప్రజాస్వామ్యాన్ని కాపాడిన రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, రెండేళ్లు తిరిగాయో లేదో పార్లమెంటు మీద టాంకులతో కాల్పులు జరిపించాడట. నిజమేనా? అంతలోనే మనిషి అంత మారిపోయాడా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమేనండీ. రెండు ఘట్టాలూ జరిగింది ఒకే భవనం దగ్గర. మాస్కోలో వైట్ హౌస్ అని పిలుచుకునే అప్పటి పార్లమెంటు అది.

1991 ఆగస్టు 19, సోమవారం. సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను క్రిమియాలో నిర్బంధించి, కమ్యూనిస్టు పార్టీలోని పాతకాపులు గద్దె పట్టబోయారు. టీవీ పెడితే పొద్దస్తమానం బ్యాలే నాట్యమే. మధ్యాహ్నం యెల్త్సిన్ బయటికొచ్చి, అక్కడ ఆగి ఉన్న టాంకెక్కి, సైనికులతో కరచాలనం చేసి, ఈ కుట్ర చెల్లదంటూ చేతిలోని కాగితం చదివాడు. ఆ దృశ్యం ఆ రాత్రే ప్రభుత్వ టీవీ వార్తల్లో వచ్చేసింది! కుట్రకు దిగినవాళ్లకు సెన్సారు చేయడం కూడా చేతకాలేదు. మూడో రోజుకి అంతా చప్పబడింది. ఆ ఫొటో పేపర్లో వచ్చిన రోజు మా ఆఫీసులో కామ్రేడ్లు రెండు వర్గాలై, టీ కూడా వేరువేరుగా తాగారు.

అప్పుడు యెల్త్సిన్ పక్షాన నిలబడ్డ రుత్స్కోయ్, ఖస్బులాతోవ్‌లే 1993లో ఉపాధ్యక్షుడిగా, స్పీకరుగా అదే భవనంలోంచి ఆయన మీద తిరగబడ్డారు. గొడవ ధరల దగ్గర రాజుకుంది. 1992 జనవరి 2న చాలా వస్తువుల ధరల మీద అదుపు ఎత్తేశారు. ఏడాది తిరిగేసరికి ధరలు పాతిక రెట్లకు పైగా పెరిగాయి. జీవితమంతా దాచుకున్న డబ్బు కరిగిపోయి, ముసలివాళ్లు ఇంట్లో సామాన్లు ఫుట్‌పాత్ మీద పెట్టి అమ్ముకున్నారు. పార్లమెంటు అడ్డం తిరిగింది. 1993 సెప్టెంబర్ 21న యెల్త్సిన్ దాన్ని రద్దు చేశాడు. అప్పటి రాజ్యాంగం ఆయనకు ఆ అధికారం ఇవ్వలేదు. రాజ్యాంగ న్యాయస్థానం ఆ మాటే చెప్పింది. అవతలివాళ్లు సాధువులేం కాదు. అక్టోబర్ 3న వాళ్ల మనుషులు ఆయుధాలతో ఒస్తాంకినో టీవీ కేంద్రం మీద పడ్డారు. మర్నాడు పొద్దున టాంకులొచ్చాయి. తెల్లటి భవనం పై అంతస్తులు మసిబారాయి. ఆ అల్లర్లలో చనిపోయినవాళ్లు, అధికారిక లెక్క ప్రకారమే, సుమారు 150 మంది.

మారాడా అంటారా? నేనైతే మారలేదంటాను. 1985 చివర్లో మాస్కో పార్టీ పెద్దగా వచ్చినప్పుడు ట్రాలీబస్సెక్కి తిరిగేవాడు, దుకాణాల్లోకి చెప్పాపెట్టకుండా వెళ్లి మేనేజర్లను నిలదీసేవాడు. 1987లో కేంద్ర కమిటీలో గోర్బచేవ్ ఎదుటే సంస్కరణలు నత్తనడక నడుస్తున్నాయని చెప్పి పదవి పోగొట్టుకున్నాడు. 1989లో మాస్కో ఓటర్లు దాదాపు 90 శాతం ఓట్లతో ఆయన్ని గెలిపించారు. మరుసటి ఏడాది మహాసభలోనే పార్టీకి రాజీనామా ప్రకటించి హాలు విడిచి వెళ్లిపోయాడు. అడ్డొచ్చిన వ్యవస్థను తోసుకుని జనం దగ్గరికి పోవడమే ఆయనకు తెలిసిన రాజకీయం. పదవి లేనప్పుడు దాన్ని తెగువ అన్నాం. సైన్యం చేతిలో ఉన్నప్పుడు కూడా అదే పని చేశాడు. 1993 డిసెంబర్‌లో వచ్చిన కొత్త రాజ్యాంగం అధ్యక్షుడికి ఎడాపెడా అధికారాలు కట్టబెట్టింది. 1999 డిసెంబర్ 31న టీవీలో జనాన్ని క్షమాపణ కోరి, యెల్త్సిన్ దిగిపోతూ పుతిన్‌కు అప్పగించింది ఆ కుర్చీనే. తప్పంతా పుతిన్ మీదే తోసేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ప్రశ్న: రష్యా చివరి చక్రవర్తి కుటుంబాన్ని చంపిన ఇంటిని కూల్పించింది యెల్త్సినేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అవునమ్మా. 1977లో, ఆ ఇల్లున్న స్వెర్ద్లోవ్స్క్‌లో పార్టీ మొదటి కార్యదర్శిగా ఉన్నప్పుడు. ఆదేశం మాస్కో నుంచి వచ్చింది. ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగు, కూల్చే పనికి కొత్తవాడు కాదు లెండి. 1998 జూలై 17న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆ కుటుంబం అస్థికలను ఖననం చేస్తుంటే వెళ్లి తల వంచి నిలబడ్డాడు.

ప్రశ్న: యెల్త్సిన్ వల్ల మనకేమైనా ఒరిగిందా?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: 1993 జనవరిలో ఢిల్లీ వచ్చి, మన పి.వి. నరసింహారావు ప్రభుత్వంతో కొత్త మైత్రీ ఒప్పందం చేసుకున్నాడు, రూపాయి-రూబుల్ బాకీల లెక్క తేల్చాడు. అదే ఏడాది జూలైలో అమెరికా ఒత్తిడికి లొంగి, ఇస్రోకు క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే రాకెట్) ఇంజన్లు అమ్ముతాం గానీ టెక్నాలజీ ఇవ్వమన్నారు. 2001 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి లేచిన మొదటి జీఎస్ఎల్‌వీ రాకెట్‌లో ఉన్నది ఆ కొన్న ఇంజనే. మన సొంత ఇంజన్‌తో జీఎస్ఎల్‌వీ సక్సెస్ అయ్యేసరికి 2014 జనవరి వచ్చింది. ఇవ్వకపోవడమే మేలయింది, మనమే నేర్చుకున్నాం అనేవాళ్లున్నారు. ఇరవై ఏళ్లు వెనక్కి నెట్టిన పనిని మేలు అనడానికి నాకు మనసొప్పదు.