టెక్సస్ పెరట్లో పాము కనిపిస్తే

డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు తీసుకున్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "పెరట్లో పాము తిరుగుతోంది, అది విషపామో కాదో ఎలా తెలుస్తుంది?" అప్పటికప్పుడు తెలియాల్సిన అవసరం లేదండీ. ఆరడుగులు వెనక్కి జరిగి, అక్కడి నుంచే ఫోనులో జూమ్ చేసి రెండు మూడు ఫోటోలు తీసుకోండి. పేరు తర్వాత తీరిగ్గా కనుక్కోవచ్చు. కర్ర జోలికి మాత్రం పోవద్దు. చంపబోయో, పట్టుకోబోయో కాటు తిన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మన ఊళ్లో విన్న గుర్తులను ఇక్కడ నమ్ముకోకండి. తల ముక్కోణంగా ఉంటే విషపాము అంటారు కదా? ఇక్కడి ర్యాట్ స్నేక్ మన జెర్రిపోతు లాంటిది, విషం లేదు. అయినా బెదిరితే తల వెడల్పు చేసి, ఎండుటాకుల మీద తోకను గలగలలాడిస్తుంది. దాన్ని తోక గలగలలాడించే విషపాము ర్యాటిల్ స్నేక్ అనుకుని కొట్టి చంపేస్తారు పాపం. విషమున్న కోరల్ స్నేక్ తలేమో చిన్నగా, సన్నగా ఉంటుంది. ఒళ్లంతా ఎరుపు, పసుపు, నలుపు పట్టీలు. నాగుపాము కుటుంబానిదే అది. చిన్నపిల్లలు రంగులు చూసి ముచ్చటపడి చెయ్యి పెడతారు, జాగ్రత్త. శివారు ఇళ్ల దగ్గర ఎదురయ్యే మరో విషపాము కాపర్‌హెడ్. దాని పట్టీలు వెన్ను మీద సన్నబడి, పక్కలకు వచ్చేసరికి వెడల్పై, డమరుకంలా కనిపిస్తాయి. పిల్లపాముకైతే తోక కొస పసుపుపచ్చగా ఉంటుంది. రాలిన ఆకుల్లో పడుకుంటే అడుగు దూరంలో ఉన్నా కనపడదు కాబట్టి ఆకులు ఎత్తేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి.

కాటు పడితే 911కు ఫోన్ చేయండి. ఉంగరాలు, గడియారం వెంటనే తీసేయండి, వాపు వస్తుంది. కట్టు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మంచు పెట్టడం ఏదీ వద్దు. పామును పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పని లేదు. విషాల సహాయ కేంద్రం 1-800-222-1222 రాత్రింబవళ్లు ఉచితంగా పలుకుతుంది. ఈ నంబరు ఇప్పుడే ఫోనులో దాచుకోండి.

ఫోటోలు తీయడం నేర్చుకోవాలంటే వసారా దీపం దగ్గర మొదలుపెట్టండి. అక్కడ పురుగుల కోసం కాచుకునే బల్లి మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చి, మనలాగే ఇక్కడ స్థిరపడింది. వసంతంలో వాన వెలిసిన రాత్రి కప్పల వంతు. నిలబడి తీస్తే వీపు తప్ప ఏమీ రాదు. ఫోనును తలకిందులు చేస్తే కెమెరా నేలకు ఆనుకుంటుంది, కప్ప కంటి ఎత్తుకు వస్తుంది. కన్ను మీద ఫోకస్ పెట్టి కదలకుండా ఉండండి. కాసేపటికి అది మిమ్మల్ని మరచిపోయి గొంతు తిత్తి ఉబ్బించి అరుస్తుంది. ఆ దృశ్యం కోసం మోకాళ్లకు బురద అంటినా ఫర్వాలేదు.

చేత్తో మాత్రం పట్టుకోకండి. కప్ప చర్మం నీటిని పీల్చుకుంటుంది, మీ చేతికున్న దోమల మందు కూడా దాని ఒంట్లోకి పోతుంది. తడి చర్మంతో, పొలుసులు లేకుండా బల్లిలా ఉన్నది కనిపిస్తే అది సలమాండర్. తెలుగు నేల మీద అవి లేవు కాబట్టి మనవాళ్లు పోల్చుకోలేరు. ఆస్టిన్‌లో బార్టన్ స్ప్రింగ్స్ సలమాండర్‌ను 1997లో అంతరించే ప్రమాదమున్న జీవిగా ప్రకటించారు. దాన్ని తాకడం, ఇబ్బంది పెట్టడం చట్టరీత్యా నేరం. ఫోటో కోసం రాయి తిప్పితే, దాన్ని మెల్లగా మళ్లీ ఉన్నచోటే ఉంచండి. రాయి కింది తేమే సలమాండర్లకు ఇల్లు.

పేరు తెలియకపోతే జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెట్టండి, తెలిసినవాళ్లు చెబుతారు. ఇంటి దగ్గర తీసినదైతే చోటు వివరం మసకబరిచే సదుపాయం వాడండి. 1993 నుంచి రాష్ట్ర సరీసృపంగా ఉన్న కొమ్ముల తొండ ఎప్పుడైనా కంటపడితే, కుటుంబ వాట్సాప్ గుంపులో కూడా ఫలానా చోట అని రాయకండి. పెంచుకోవడానికి దాన్ని ఎత్తుకుపోయేవాళ్లు ఇంకా ఉన్నారు.