కెయ్‌ ట్రక్కు తోటలో బరువు సమస్య: మట్టి తీసెయ్, థర్మోకోల్ పెట్టు
తమ్ముడూ, కెయ్‌ ట్రక్కు (జపాన్ చిన్న సరుకు బండి) వెనక తొట్టిలో తోట పెడుతూ, 10 సెంటీమీటర్ల మట్టి పరిచేసరికే వెనక టైర్లు కుంగిపోయాయి, రాళ్ళు ఇంకా పెట్టనే లేదు అన్నావు కదా, తప్పు బండిది కాదు, మట్టిది. జపాన్‌లో కెయ్‌ ట్రక్కు మోయాల్సింది 350 కిలోలే. తొట్టి సుమారు 1.9 మీటర్లు పొడవు, 1.4 వెడల్పు, అంటే 10 సెంటీమీటర్ల మందంలో 260 లీటర్ల పైచిలుకు మట్టి పడుతుంది, తడిస్తే అదే 400 కిలోలు దాటుతుంది.

ముందు మట్టంతా తీసెయ్. అడుగున టార్పాలిన్ పరిచి, గుట్టల ఆకారంలో కోసిన థర్మోకోల్ దిమ్మలు పేర్చు. మొక్కల్ని కుండీలతోనే వాటి మధ్య ఇరికించి, పైన రెండు వేళ్ళ మందం తేలిక మట్టి, దానిమీద నాచు. సందులు నింపడానికి హోమ్ సెంటర్లో (ఇంటి, తోట సామాన్ల దుకాణం) కరుఇషి అని అడుగు, నీళ్ళలో తేలేంత తేలికైన రాయి.

అసలు చిక్కు పెద్ద రాళ్ళతోనే. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో అడుగున్న గ్రానైట్ దిమ్మ ఒక్కటే 75 కిలోల దాకా తూగుతుంది. అందుకే ఒక్క మంచి రాయి చాలు, అదీ పలచనిది. థర్మోకోల్‌లో దాని ఆకారానికి గుంట తొలిచి కూర్చోబెట్టి, అంచు చుట్టూ నాచు నొక్కితే భూమిలోంచి పైకి లేచినట్టే ఉంటుంది, చూస్తే నీకే ముచ్చటేస్తుంది.

చెరువు ఆలోచన మాత్రం మానెయ్ తమ్ముడూ, లీటరుకు కిలో, పైగా మలుపుల్లో తొణుకుతుంది. కరేసాన్సుయి, అంటే నీళ్ళు లేని జపాన్ రాతి తోట పద్ధతిలో తెల్లని గులకే నీళ్ళనుకో. సగం తొట్టికి 2 సెంటీమీటర్లు పోస్తే 40 కిలోలే అవుతుంది, గులకమీద అలల గీతలు మాత్రం బండి వెళ్ళాల్సిన చోటికి చేరాకే గియ్యి.